పోలే పోలే.. కిలిమంజారో!

తాడు కట్టనక్కర్లేదు. మంచుగొడ్డలి పట్టనక్కర్లేదు. పర్వతారోహణలో ఓనమాలు రాకపోయినా ఫర్వాలేదు. కాళ్లలో సత్తువ, చేతిలో వారం రోజుల తీరిక ఉంటే చాలు.. ఆఫ్రికా ఖండంలోకెల్లా ఎత్తయిన చోటికి నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు! కిలిమంజారో గురించి అందరూ చెప్పే మాట ఇది. అబద్ధమేం కాదు. కాకపోతే ఈ మాట నమ్మి తొందరపడినవాళ్లే ఏటా సగం దారిలో తల పట్టుకుని కూలబడుతున్నారు.

టాంజానియా ఉత్తర కొసన, కెన్యా సరిహద్దుకు దగ్గర్లో ఉంటుందీ పర్వతం. ఎత్తు 5895 మీటర్లు. హిమాలయాల్లా బారులు తీరిన శిఖరాల మధ్య ఒకటి కాదు. చుట్టూ మైదానం, మధ్యలో ఒంటరిగా లేచిన అగ్నిపర్వతం. కిబో, మావెంజీ, షిరా అని మూడు అగ్నిముఖాలు. మావెంజీ, షిరా ఎప్పుడో చల్లారిపోయాయి. కిబో మాత్రం నిద్రపోతోందంతే. దాని బిలం అంచున ఉన్న అత్యున్నత స్థానమే ఉహురు. స్వాహిలీ భాషలో ఆ మాటకు అర్థం స్వేచ్ఛ. జర్మన్ల ఏలుబడిలో ఈ శిఖరానికి వాళ్ల చక్రవర్తి విల్‌హెల్మ్ పేరుండేది. 1961 డిసెంబరులో దేశానికి స్వాతంత్య్రం వచ్చినప్పుడు అలెగ్జాండర్ న్యిరెండా అనే సైనికాధికారి దీనిపై కాగడా వెలిగించాడు. కొండ పేరూ మారింది.

అరటితోట నుంచి మంచుగడ్డ దాకా

భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దూరంలో మంచు ఉందంటే ఒకప్పుడు ఎవరూ నమ్మలేదు. 1848లో యోహానెస్ రెబ్‌మాన్ అనే జర్మన్ మతప్రచారకుడు తెల్లటి శిఖరాన్ని చూశానని రాస్తే, లండన్‌లో కూర్చున్న భూగోళ పండితులు కొట్టిపారేశారు. ఇప్పుడు అక్కడికెళ్లే ప్రతి ఒక్కరూ ఆ విడ్డూరాన్ని తమ కాళ్లతో కొలిచి వస్తున్నారు.

మొదట చగ్గా తెగవారి పల్లెలు. అరటిచెట్ల నీడలో కాఫీ మొక్కలు, వాటి మధ్య తరతరాల నాటి పంటకాలువలు. అది దాటితే నాచు వేలాడే దట్టమైన అడవి. మూడు వేల మీటర్లకు చేరేసరికి చెట్లు పొదలుగా కుంచించుకుపోతాయి. ఇంకాస్త పైన వింత మొక్కలు కనిపిస్తాయి. మనిషికంటే ఎత్తు పెరిగే సెనీషియోలు ఎండిన ఆకుల్నే కంబళిలా కప్పుకొని నిలబడతాయి. లొబీలియాలైతే రాత్రి కాగానే ఆకులు ముడుచుకుని మొగ్గను కాపాడుకుంటాయి. అక్కడ పగలు ఎండాకాలం, రాత్రి శీతాకాలం మరి! నాలుగు వేల మీటర్ల పైన ఆ పచ్చదనమూ పోయి రాళ్ల ఎడారి. ఆపైన మంచు. మన్యం అడవి నుంచి లద్దాఖ్ దాకా ఒకే కొండ మీద నడిచినట్టుంటుంది.

గాలే అసలు పరీక్ష

పైకి చాలా దారులున్నాయి. మరంగు దారిలో రాత్రి బసకు చెక్క గుడిసెలు ఉంటాయి కాబట్టి గైడ్లు దాన్ని సరదాగా ‘కోకాకోలా దారి’ అంటారు. గుడారాల్లో పడుకుంటూ వెళ్లే మచామే ‘విస్కీ దారి’. లెమోషో, రొంగై, ఉంబ్వే వంటివి మరికొన్ని. మచామే ద్వారమే సుమారు 1800 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోని ఏ కొండా 1700 మీటర్లు దాటదు. అంటే మన కొండలు ఆగిపోయిన చోటికి పైనే ఈ నడక మొదలవుతుందన్నమాట.

నడక కష్టం కాదు. ఊపిరే కష్టం. శిఖరం మీద ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదాంట్లో సగమే. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం చాలామందికి మామూలే. మాట తడబడినా, అడుగు తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా మాత్రం అది మెదడుకో ఊపిరితిత్తులకో నీరు చేరుతున్న సూచన. అప్పుడు అసలైన వైద్యం ఒకటే.. వెంటనే కిందికి దిగడం. మారథాన్లు పరిగెత్తే కుర్రాడు వెనుదిరగొచ్చు, అరవై ఏళ్ల బామ్మ పైకి చేరొచ్చు. కండబలానికీ దీనికీ పెద్దగా సంబంధం లేదు. శరీరం అలవాటుపడటానికి ఎన్ని రోజులిచ్చామన్నదే లెక్క.

చిక్కంతా ఇక్కడే ఉంది. పార్కు రుసుములు రోజుల లెక్కన కట్టాలి. ఖర్చు తగ్గించుకుందామని ఐదు రోజుల్లో ముగించాలనుకునేవాళ్లు ఎక్కువ. ఒక రోజు మిగిల్చుకుందామని చూసి, మొత్తం ప్రయాణాన్నే పోగొట్టుకుంటారు. ఏడెనిమిది రోజులు తీసుకునేవాళ్లు శిఖరం చేరే అవకాశం చాలా ఎక్కువ. మచామే దారిలో ఓ రోజు 4600 మీటర్ల దగ్గరున్న లావా టవర్ దాకా ఎక్కించి, రాత్రి నిద్రకు మళ్లీ నాలుగు వేల మీటర్ల లోపుకి దింపేస్తారు. ఎక్కినదంతా దిగడమేంటని కొత్తవాళ్లు గొణుక్కుంటారు. శరీరాన్ని మచ్చిక చేసుకునే ఉపాయమది. దారిపొడవునా గైడ్లు చెప్పే మంత్రం కూడా అదే.. ‘పోలే పోలే’. నెమ్మదిగా, నెమ్మదిగా అని.

చివరి రాత్రి అర్ధరాత్రికి అటూఇటూగా బయల్దేరతారు. తలకు దీపం, ఒంటిమీద నాలుగైదు పొరల బట్టలు. సీసాల్లో నీళ్లు గడ్డకట్టే చలి. పొడిరాళ్ల మీద రెండడుగులు ముందుకేస్తే ఒకడుగు వెనక్కి జారుతుంది. ముందు నడిచేవారి మడమలు తప్ప ఏమీ కనిపించవు. స్టెల్లా పాయింట్ దగ్గర బిలం అంచు తగిలేసరికి తూర్పున మావెంజీ వెనకాల ఆకాశం ఎర్రబడుతుంది. అక్కడి నుంచి ఉహురుకు ఇంకో ముప్పావు గంట, గంట.

తెలుగువాళ్లకు ఈ బోర్డు బాగా పరిచయమే. 2014లో పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టెక్కిన నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, 2016లో ఇక్కడికొచ్చింది. ఆ తర్వాత రెండు రాష్ట్రాల నుంచీ జెండాలు పట్టుకుని వెళ్లేవాళ్లు పెరిగారు. 2018లో హైదరాబాద్‌కు చెందిన ఏడేళ్ల బాలుడు కూడా ఎక్కాడు. ముచ్చటే. కానీ తలనొప్పి ఎంతుందో సరిగ్గా చెప్పలేని వయసులో పిల్లల్ని రికార్డుల కోసం అంత ఎత్తుకు తీసుకెళ్లడం అవసరమా అన్న ప్రశ్న కూడా వేసుకోవాల్సిందే.

నెత్తిన ఇరవై కిలోలు

1889 అక్టోబరులో మొదటిసారి శిఖరం చేరింది హాన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ అని పుస్తకాలు చెబుతాయి. వాళ్లకు సాయంగా వెళ్లిన చగ్గా యువకుడు యోహానీ లావో పేరు చాలాకాలం వాటిలో కనిపించలేదు. ఇప్పటికీ కిలిమంజారోను మోస్తున్నది అలాంటివాళ్లే. గైడు లేకుండా ఎక్కడానికి అనుమతి లేదు. ఒక్కో యాత్రికుడి వెనక ఇద్దరు ముగ్గురు పోర్టర్లు, వంటమనిషి ఉంటారు. గుడారాలు, గ్యాస్ పొయ్యి, కుర్చీలు, కూరగాయలు, కొన్ని బృందాలకు మరుగుదొడ్డి కూడా.. అన్నీ వాళ్ల నెత్తిమీదే. యాత్రికుడు ఆయాసపడుతూ శిబిరానికి చేరేసరికి అక్కడ వేడి టీ సిద్ధం!

ఒక్కొక్కరు మోయాల్సింది ఇరవై కిలోలకు మించకూడదన్నది నియమం. దారిలో తూకాలూ వేస్తారు. అయినా చవక ప్యాకేజీల బరువు చివరికి పడేది పోర్టరు మీదే. కూలిలో కోత, పూట భోజనంలో కోత, పల్చటి జాకెట్టు. 2003 నుంచి పోర్టర్ల సహాయ ప్రాజెక్టు ఒకటి ఈ కూలి, బరువు, భోజనాల సంగతి పరిశీలిస్తోంది. వెళ్లాలనుకునేవాళ్లు ధర అడిగేముందు పోర్టర్లకు రోజుకెంతిస్తారని అడిగితే సంస్థ ఎలాంటిదో తెలిసిపోతుంది.

మేయర్ ఆనాడు మంచులో గొడ్డలితో మెట్లు తవ్వుకుంటూ ఎక్కాడు. నేటి యాత్రికుడు చాలా రోజుల్లో రాళ్ల మీదే నడిచి ఉహురు చేరుకుంటాడు. 1912 నాటి మంచులో 85 శాతం ఒక శతాబ్దం తిరక్కుండానే పోయింది. వేడి పెరగడం ఒక్కటే కాదు, గాలి పొడిబారి కొత్త మంచు పడటం తగ్గడమూ కారణమే. 2050 నాటికి మిగిలిందీ ఉండదని యునెస్కో 2022లో హెచ్చరించింది. చగ్గా పల్లెల కాలువలకు మాత్రం ఎక్కువ నీళ్లిచ్చేది మంచు కాదు, నడుమనున్న అడవి. 2020 అక్టోబరులో కొండ వాలుపై కార్చిచ్చు చెలరేగినప్పుడు అక్కడివారు అంత హడలిపోయింది అందుకే.

వెళ్లాలనుకుంటే జనవరి నుంచి మార్చి మొదటి వారం దాకా, లేదా జూన్ నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో భారీ వానలు. మోషీ పట్నం చేరితే అక్కడి నుంచి దారులన్నీ దగ్గరే. దిగడానికి ఒకటిన్నర రోజు చాలు. ఎక్కేటప్పుడు ఊపిరి పరీక్షిస్తే, దిగేటప్పుడు మోకాళ్లు పరీక్షిస్తాయి. ద్వారం దగ్గర పోర్టర్లు పాటలు పాడి వీడ్కోలు చెబుతారు. చాలామంది తమ బూట్లు, చలికోట్లు అక్కడే వాళ్లకు ఇచ్చేస్తారు. ఉహురు చేరినవారికి పార్కు ధ్రువపత్రం ఇస్తుంది. స్టెల్లా పాయింట్ దాకా వెళ్లి, ఒంట్లో బాగోక వెనుదిరిగినవారికీ ఇస్తుంది. దానిమీద ఆ చోటి పేరే ఉంటుంది.