మామగారి బండికి మెఱుగు

చింతపండుతో ఇత్తడిబిందె తోముట యెఱిగిన యిల్లాలికి కారు మెఱుగు గూర్చి క్రొత్తగా నేర్వవలసిన దేమున్నదని మే మనుకొంటిమి. ఆ గర్వమే మా కొంప ముంచినది.

మా మామగారు 1998వ సంవత్సరమున తెల్లని మారుతి 800 బండి నొకదానిని కొనిరి. విశాఖపట్టణమున సముద్రమునకు దాపుననే మా యిల్లు. ఉప్పుగాలి యేండ్లతరబడి ఆ బండిమీద వీచుచునే యున్నది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వాకిటి వేపకొమ్మ విఱిగిపడి పైకప్పున గీతలు మిగిల్చినది. మామగారు కాలముచేసి నాలుగేండ్లయినది. మోకాళ్ల నొప్పులచే అత్తగారు ఆటో ఎక్కలేరు. ఈ బండి ముందుసీటున నైనచో, మొదట కూర్చుండి పిదప కాళ్లు మెల్లగా లోనికి త్రిప్పుకొందురు. ఏటేట విజయదశమినాడు దానికి బొట్టు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయ లుంచి, గుమ్మడికాయ కొట్టించుట ఆమె వంతు.

క్రిందటి యేడు పండుగకు ముందు, ఆమెకు తెలియకుండ బండిని క్రొత్తదానివలె చేయవలెనని మాకు బుద్ధి పుట్టినది. కారు సామానుల అంగడిలో రబ్బింగు కాంపౌండు డబ్బా యొకటి కొని, పాత తువాలుతో మిట్టమధ్యాహ్నపు టెండలో బానెట్టు రుద్ద మొదలిడితిమి. గుడ్డకు తెల్లగా అంటుచుండగా మురికి పోవుచున్నదని సంతసించితిమి. మురికి తెల్లగా నుండునా యని యొక్క క్షణమైన తలపమైతిమి! అంచువద్ద రూపాయిబిళ్లంత మేర బూడిదరంగు బయటపడిన పిమ్మట గాని చేయి ఆగలేదు. అత్తగారు వచ్చి చూచి, ఆ చోటును వ్రేలితో తడిమి, యేమియు ననక లోనికి వెడలిరి. కోపపడియుండిన మాకు సుఖముగా నుండెడిది.

ఆ తరువాత గాని అసలు సంగతి తెలిసికొన యత్నింపలేదు. నేటి కార్లలో పెక్కింటికి రంగుమీద పారదర్శకమైన పూత యింకొకటి యుండును. మా పాతబండి తెలుపున కట్టి కవచము లేదు. రుద్దినప్పుడు గుడ్డకు బండిరంగే అంటుట దానికి గుర్తు. అడుగుపూత మొదలుకొని యన్నియు కలిపినను కారు పూత మందము సాధారణముగా 100 మొదలు 150 మైక్రాన్ల లోపే. అనగా మిల్లీమీటరులో ఆఱవ వంతైన నుండదు. మెఱుగు దిద్దుట యనగా ఆ పలుచని పొరనుండి కొంత తఱిగి గీతల యంచులను నునుపుచేయుట. చింతపండు పులుపు ఇత్తడిని గూడ కొంత తినుచునే యుండును గాని, బిందె దళసరి గనుక మూడు తరములు తాళును. పైగా అంచులయందును మడతలయందును పూత మఱింత పలుచన. అక్కడనే మా బలమంతయు చూపితిమి.

మా వారు బండికంతకు రంగు మార్పించెద మనిరి. తుప్పును దాచిపెట్టు రంగు మాకు వలదంటిమి. పదునైదేండ్లు దాటిన సొంతబండికి ఐదేండ్ల కొకసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను. తలుపుల అడుగున తుప్పు తినివేసినచో పైమెఱుగు మనల నాదుకొనునా?

కావున ఈ యేడు పండుగకు పది దినములు ముందుగనే క్యాలెండరు వెనుక పనుల వరుస వ్రాసికొంటిమి. మొదటి దినము చక్రములు. బ్రేకుల నుండి రాలు ఇనుపపొడి, బురద, అన్నియు చేరునది అక్కడనే. ఆ నీరును ఆ గుడ్డయు మఱి బండి ఒంటికి తగులరాదు. ఉక్కు చక్రముల రంధ్రములలోని తుప్పును గీకి, అడుగుపూతయు వెండిరంగును వేసితిమి. టైర్లు నల్లగా నిగనిగలాడుటకు కిరసనాయిలు తుడుచువా రున్నారు. అది రబ్బరును పాడుచేయును. మేము సబ్బునీటితో కడిగి ఊరకుంటిమి. తలుపుల అడుగున నీరు పోవుటకు సన్నని కంత లుండును. వేపాకులు కూరుకొని మూసికొనిపోయిన వానిని చీపురుపుల్లతో తెఱచునప్పటికి ఒక కంతనుండి దోసెడు నీరు కాఱినది. ఎన్నాళ్లనుండి నిలిచెనో!

బండి కడుగుటలో మా కిష్టమైన పద్ధతి రెండు బక్కెట్లది. ఒకదానిలో కారు సబ్బునీరు, రెండవదానిలో మంచినీరు. గుడ్డను మాటిమాటికి మంచినీట జాడించి గాని తిరిగి సబ్బునీట ముంచరాదు. లేకున్న ఇసుకరేణువులు గుడ్డ నంటుకొని క్రొత్త గీతలు పెట్టును. గీతలను మానుపుటకై రుద్దుదుము, ఆ గీతలను పెట్టినదియు మన గుడ్డయే! అంట్లు తోము పొడి వాడినచో మునుపు పూసిన మైనము సైతము ఊడిపోవును.

బూడిదరంగు బయటపడిన చోట తేమ దిగకుండ రంగు వేయక తప్పలేదు. అంగడివాడు బండి సంఖ్య చూచి సరియైన తెలుపే కలిపి యిచ్చెను గాని, ఇన్నేండ్ల యెండకు మా బండి తెలుపు పసుపువాఱినది. కుంచెతో దిద్దిన చోటు పాతచీరపై క్రొత్త అతుకువలె కనబడుచున్నది. ఈసారి రుద్దుటకు కాంపౌండు ముట్టలేదు. మిక్కిలి మెత్తని పాలిషును పైకప్పు గీతలమీద మాత్రమే, చేతితో, రెండు మార్లు.

పిమ్మట మైనము. మేము కొన్నది కార్నౌబా మైనము. బ్రెజిలు దేశపు ఈశాన్యమున పెరుగు ఒక తాళజాతి చెట్టు ఆకులనుండి తీయుదురు. ఎండకు చెట్టులోని తేమ ఆరిపోకుండ ఆకుమీద పేరుకొను పొర యది. సుమారు 80 డిగ్రీలు దాటిన గాని కరగదు. నీడలో, రేకు చల్లబడిన పిదప, ముఖమునకు స్నో రాచినంత పలుచగా పూసి, ఆరినపిమ్మట మైక్రోఫైబరు గుడ్డతో తుడువవలెను. దళసరిగా పూసిన లాభము లేదు, చేతినొప్పియే మిగులును. మా ఉప్పుగాలికి రెండు నెలలు నిలిచిన గొప్ప. నీళ్లు చల్లినప్పుడు ముత్యములవలె నిలువక పఱచుకొనినచో మరల పూయవలసిన వేళ యైనదన్నమాట.

పండుగ ఉదయమున అత్తగారు పళ్లెముతో వచ్చి, "అమ్మాయీ, ఈ ఏడు బొట్టెక్కడ పెట్టమందువు?" అని యడిగిరి. కుంకుమ ఈ పాతరంగులోని కింకిన పోదనియు, అద్దముమీద పెట్టిన తుడిచివేయవచ్చుననియు మనవి చేసితిమి. అద్దమున మూడు బొట్లు పెట్టిరి. నాలుగవదానిని తిన్నగా తీసికొనిపోయి మేము దిద్దిన అతుకుమీదనే పెట్టిరి.

"అక్కడ ఎట్లును మచ్చయే కదా," అని నవ్వి, ముందుసీటున కూర్చుండి, ఒక్కొక్క కాలే మెల్లగా లోనికి తీసికొనిరి.