పెట్టె లాగితే పాట... కత్తి గీస్తే ఆట!

ఒక చేతిలో ఇనుప కడ్డీ, రెండో చేతిలో వంటింటి కత్తి. కడ్డీని నిలువుగా భుజానికి ఆనించి కత్తితో పైకీ కిందికీ బరబరా గీకుతుంటే... అదే తాళం! పక్కనే ఇంకొకాయన అకార్డియన్ పెట్టెను లాగుతూ నొక్కుతూ ఉంటాడు. ఇంకేముంది, కుర్చీల్లో ఉన్నవాళ్లు జంటలు జంటలుగా లేచి నడుములు తిప్పేస్తారు. ఆఫ్రికా పశ్చిమ తీరానికి సుమారు 600 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ సముద్రంలో ఉన్న కేప్ వెర్డె దేశపు సందడి ఇది. పేరు ఫునానా.

మొత్తం పది దీవులు. పెద్దది సాంటియాగో. ఫునానా పుట్టిల్లు అదే. దేశ రాజధాని ప్రయా కూడా అక్కడే ఉంది. ప్రయాలోని సుకుపిరా బజారు దగ్గర వ్యాన్లు వరసగా నిలబడి ఉంటాయి. మన షేర్ ఆటోల్లాగే, నిండితేగానీ కదలవు! ఎక్కితే కొండదారి పట్టి అసొమాడా సంత మీదుగా ఉత్తరాన తరఫాల్ చేరుస్తాయి. కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసుక, నీలి కెరటాలు... చూడ్డానికి క్యాలెండర్ బొమ్మే. అయితే ఆ ఊరి దగ్గరే పోర్చుగీసు పాలకులు 1936లో తెరిచిన రాజకీయ ఖైదీల శిబిరం ఉంది. ఇప్పుడది మ్యూజియం.

ఈ దీవుల అందం వెనక కరవు దాగి ఉంది. ఏడాదిలో వాన పడేదే కొద్ది వారాలు. అదీ మొహం చాటేస్తే తిండిగింజలుండవు. 1940ల్లో వచ్చిన కరవులకు వేలమంది ఆకలితో చనిపోయారు. బతుకుదెరువు కోసం ఎందరో ఓడలెక్కి సావో తోమే దీవి తోటల్లో కూలికి వెళ్లారు. కోడె ది డోనా అనే పల్లెటూరి అకార్డియన్ కళాకారుడు ఆ 1947 నాటి ఆకలినే పాటగా కట్టాడు. ఆ పాట పేరు 'ఫోమి 47'. ఆయన 2010లో కన్నుమూశాడుగానీ పాట మాత్రం ఆగలేదు. చిత్రమేమిటంటే, ఆకలిచావుల పాటకూ అక్కడ చిందేస్తారు.

అకార్డియన్‌ను వాళ్లు గైటా అంటారు. మన నాటకాల హార్మోనియానికి దగ్గరి చుట్టమే. రెండింట్లోనూ గాలి తగిలి లోహపు రేకులు పలుకుతాయి. కాకపోతే గైటాలో అదే మీటకు లాగితే ఒక స్వరం, నొక్కితే ఇంకో స్వరం! అందుకే ఫునానా నడకలో ఆ ఊపిరి ఎగశ్వాస వినిపిస్తుంది. ఇనుప కడ్డీ పేరు ఫెరీన్యో.

పరాయి పాలనలో పట్నం పెద్దలు దీన్ని 'పల్లెటూరి మోటు గంతులు' అని ఈసడించేవారు. 1975లో స్వాతంత్య్రం వచ్చాక గాలి మారింది. కచాస్ అనే గిటారిస్టు నడిపిన 'బులిముండో' బృందం ఫునానాను పట్నం వేదికలెక్కించింది. అయితే ఎలక్ట్రిక్ గిటార్లు, కీబోర్డులు ముందుకొచ్చి పాత పెట్టె వెనక్కి తగ్గింది. పాటకు గౌరవం దక్కింది. దాన్ని మోసుకొచ్చిన గైటా మాత్రం గడప బయటే ఉండిపోయింది.

ఆ లోటు తీర్చిందే 'ఫెరో గైటా' బృందం. 1996లో మొదలైంది. ఇనుమూ అకార్డియనూ కలిపి పేరు పెట్టుకోవడంలోనే వాళ్ల పంతం తెలుస్తుంది. మరుసటేడే తొలి ఆల్బమ్ 'ఫుండు బాషు' వచ్చింది. అకార్డియన్ దే పెత్తనం, కత్తి గీకుడుదే తాళం, అడుగున బేస్ గిటార్ దరువు. పల్లె మోతను పాలిష్ పట్టకుండా పట్నానికి తెచ్చారన్నమాట. నిన్నటిదాకా ముసలివాళ్ల వాద్యమనుకున్నది కుర్రకారు చేతికొచ్చింది. తర్వాత 'రెయి ది తబంకా' లాంటి ఆల్బమ్‌లతో విదేశీ వేదికలూ ఎక్కింది.

కేప్ వెర్డె అనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది సెజారియా ఎవొరా గొంతులోని నెమ్మదైన మోర్నా పాటలే. 2019లో మోర్నాకు యునెస్కో గుర్తింపూ వచ్చింది. ఆ దిగులు తీయనిదే, కాదనలేం. కానీ సాంటియాగో మనసు తెలియాలంటే ఫునానా వినాల్సిందే. శనివారం అసొమాడా సంత చూసుకుని, సాయంత్రానికి ఏదైనా పల్లె వేడుక చేరితే మంచిది. మొదట్లో పాట తాపీగానే నడుస్తుంది. వేగం పెరిగిందంటే మాత్రం, వాద్యగాడు ఆపేదాకా పక్కకు తప్పుకునేవాళ్లు ఉండరు.