తీపి పైన, ఉప్పు కింద

పిల్లల పరీక్షలంటే ఐనవిల్లి సిద్ధివినాయకుడి గుళ్ళో పూజ చేసిన పెన్నులు గుర్తొస్తాయి కదూ! అమలాపురం నుంచి సుమారు 12 కిలోమీటర్లు. ఈసారి వెళితే దర్శనం కాగానే తిరిగొచ్చెయ్యకండి. దగ్గర్లోని ముక్తేశ్వరం రేవుకెళ్ళి గౌతమి పాయను కూడా చూడండి.

శ్రావణంలో ఏటినిండా ఎర్రనీళ్ళే. ఆ జోరుకు సముద్రపు నీరు వెనక్కి తగ్గుతుంది. పులసలు ఎదురీదుకుంటూ వచ్చేదీ అప్పుడే. ఎండాకాలానికి కథ తారుమారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ వేసవి నీరు చాలావరకు కాలువల్లోకే పోతుంది. దిగువన పోటు వచ్చినప్పుడల్లా సముద్రం నదిలోకి ఎగబాకుతుంది. ఉప్పునీరు బరువు, అందుకే అడుగున చేరుతుంది. తీపినీరు పైన తేలుతుంది. నార్వేలో కొండల నడుమ చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లో కూడా వేసవిలో మంచు కరిగిన నీరు ఇలాగే పైపొరగా ఉంటుంది.

వంటింట్లోనే చూడొచ్చు. గాజుగ్లాసులో సగందాకా ఉప్పు బాగా కలిపిన నీళ్ళు పోసి, చిటికెడు మిఠాయి రంగు వెయ్యండి. చెంచా మీదుగా మంచినీళ్ళు మెల్లగా జారవిడవండి. రెండు పొరలూ విడివిడిగా నిలుస్తాయి. చెంచాతో తిప్పారో, ఒకటైపోతాయి. నదిలో ఆ తిప్పే పని ఆటుపోట్లది.

కోనసీమలో చాలాచోట్ల నేల లోపలా ఇంతే. పైన పల్చగా మంచినీరు, కింద ఉప్పునీరు. చేదతో తోడుకుంటే నూతినీరు తియ్యగానే ఉంటుంది. లోతుగా బోరు దింపి మోటారుతో అదేపనిగా లాగితే అడుగు ఉప్పు పైకొస్తుంది. ఆ నీళ్ళల్లో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు, టీ రుచీ ఉండదు. ఒకసారి ఉప్పెక్కిన నుయ్యి మళ్ళీ తియ్యబడాలంటే వానల కోసం ఎదురుచూడాల్సిందే.

మోటారు స్విచ్చి ఉండేది మన చేతిలోనేగా! ట్యాంకు నిండగానే కట్టెయ్యండి. చూరునీళ్ళు వీధి పాలు కాకుండా పెరట్లో ఇంకనివ్వండి.