గురికి ముందు గ్లాసెడు కాఫీ

కోట ఊరి దగ్గర ఎన్‌సీసీ పిల్లలకు ఫైరింగ్ ఉందని తెలిసి, ముందుగా అడిగి అనుమతి తీసుకుని వెళ్లాను. చాలాకాలంగా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. తుపాకి పట్టే ముందు కాఫీ తాగితే గురి నిలుస్తుందా, చెదురుతుందా? మా నెల్లూరు తీరంలో ఇది ఊరికే పుట్టే ప్రశ్న కాదు. ఇక్కడ పొద్దు కాఫీతోనే మొదలవుతుంది. కోట బస్టాండు దగ్గర హోటళ్లలో తెల్లవారక ముందే డికాక్షన్ దిగుతుంది. గూడూరు బస్సుకు వచ్చినవాళ్లు, రొయ్యల గుంటల మీద రాత్రంతా కాపలా ఉండి ఇళ్లకు పోయేవాళ్లు, అందరి చేతుల్లోనూ గ్లాసులే. ఆ ఊళ్లలోని పిల్లలే ఆ ఉదయం రైఫిల్ ముందు పడుకోబోతున్నారు.

మైదానం చివర మట్టి దిబ్బ, దాన్ని బట్ అంటారు. దాని ముందు చెక్క చట్రాలకు అంటించిన కాగితపు టార్గెట్లు. రెండు పక్కలా ఎర్ర జెండాలు. ఇటువైపు నేల మీద పరిచిన దరీలు, ఒక్కో దరీ ముందు ఇసుక మూట. పిల్లలను జట్లుగా విడగొట్టారు, ఒక్కో జట్టును డీటైల్ అని పిలుస్తున్నారు. సైన్యం నుంచి వచ్చిన హవల్దారును పిల్లలు ఉస్తాద్ అంటున్నారు. మాట తక్కువ మనిషి. హిందీలో ఆదేశం, వెంటనే తెలుగులో దాని అర్థం. కాల్చమనేదాకా ఏ వేలూ ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన గొంతు పెరిగేది.

ఎన్‌సీసీ పుట్టింది 1948లో. పల్లెటూరి పిల్లలకు అసలు రైఫిల్ ఎలా ఉంటుందో చూపించేది నేటికీ దాదాపు ఇదొక్కటే. సొంత ఎయిర్ రైఫిల్ కొనగలిగే ఇళ్లు కోట చుట్టుపక్కల ఎన్ని ఉంటాయి? అందుకే ఈ ఐదు తూటాలంటే నాకు గౌరవం. పాయింట్ టూటూ రైఫిల్, పాతిక మీటర్ల దూరం, ఐదు రౌండ్లు. నడిమధ్య తగిలిందా అని ఉస్తాద్ మొదట చూడరు. ఐదు రంధ్రాలూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తారు. అదే గ్రూపింగ్. గుంపు దగ్గరగా ఉండి పక్కకు పోయిందంటే గురి చూసే సైటు సర్దితే చాలు. గుంపే చెదిరిందంటే లోపం మనిషి దగ్గర ఉంది.

చెదరడానికి ఎంత కదలిక చాలు? ముందు సైటుకూ వెనక సైటుకూ నడుమ ముప్పావు మీటరు ఉందనుకుందాం. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే పాతిక మీటర్ల అవతల తూటా 33 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. మనిషి చెయ్యి ఎంత నిలిపినా సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు సన్నగా కంపిస్తూనే ఉంటుంది. అది జబ్బు కాదు, కండరాల స్వభావం. దానికి తోడు ఊపిరి, దానికి తోడు గుండె కొట్టుకోవడం. అందుకే శ్వాస సగం వదిలి, ఆ కాస్త విరామంలో ట్రిగ్గర్ నెమ్మదిగా నొక్కమంటారు.

రెండో డీటైల్‌లో ఒక అబ్బాయి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉస్తాద్ అతణ్ణి పక్కకు పిలిచారు.

"రాత్రి నిద్ర పోయినావా?"

"లేదు సార్. గుంట కాడ ఉండినా. ఏరియేటర్లు చూసుకోవాల గదా."

"మరి ఇప్పుడు ఏం తాగొచ్చినావు?"

అబ్బాయి జవాబు చెప్పలేదు. అతని సంచీలోంచి ఇరవై రూపాయల ఎనర్జీ డ్రింకు సీసా మూత కనబడుతోంది. ఉస్తాద్ తిట్టలేదు. చివరి డీటైల్‌లోకి మార్చి, చెట్టు కింద పడుకోమన్నారు.

ఆ అబ్బాయి తప్పు నాకైతే కనబడలేదు. రాత్రిళ్లు నీళ్లలో నాచు ప్రాణవాయువును ఇవ్వదు, పైగా తీసుకుంటుంది. తెల్లవారుజామున ఆ వాయువు అడుగంటుతుంది. ఆ సమయంలో కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగి, జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే కొన్ని గంటల్లో పంట మొత్తం తేలిపోతుంది. అప్పు చేసి వేసిన గుంట మీద ఒకరు మేలుకుని ఉండి తీరాలి. ఆ ఒకరు చాలా ఇళ్లలో చదువుకునే పిల్లాడే.

మేలుకోవడానికి వాళ్లు నమ్ముకునే కెఫీన్ ఏం చేస్తుందో చూద్దాం. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ పోతుంది. అది తన స్థానాల్లో కూర్చున్న కొద్దీ మనకు నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ముందే పోయి ఆ స్థానాల్లో కూర్చుంటుంది. నిద్ర అవసరం అలాగే ఉంటుంది, దాని కబురు మాత్రం అందదు. తాగిన అరగంట నుంచి గంటలోపు రక్తంలో పతాక స్థాయికి చేరుతుంది. సగానికి తగ్గడానికి పెద్దల్లో సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదకొండుకు తాగిన సీసాలోని కెఫీన్‌లో సగం తెల్లవారి నాలుగుకు కూడా ఒంట్లోనే ఉంటుంది. ఇంటికొచ్చి నడుం వాల్చినా మంచి నిద్ర ఎక్కడ పడుతుంది?

గురి సంగతికి వస్తే, దీన్ని తేల్చడానికి అమెరికా సైన్యపు పరిశోధకులు చేసిన పరీక్ష నాకు అన్నిటికన్నా నమ్మదగినదిగా కనిపిస్తుంది. వాళ్ల నౌకాదళంలో సీల్స్ దళానికి శిక్షణ పొందేవాళ్లకు ఒక వారం నరకంలా ఉంటుంది, దాని పేరే హెల్ వీక్. చలి, తడి, ఆగని శ్రమ. నిద్ర లేకుండా 72 గంటలు గడిచాక 60 మందికి పైగా శిక్షణార్థులను నాలుగు జట్లు చేశారు. మూడు జట్లకు 100, 200, 300 మిల్లీగ్రాముల కెఫీన్, నాలుగో జట్టుకు కెఫీన్ లేని ఉత్తుత్తి మాత్ర. కెఫీన్ అందినవాళ్లలో చురుకుదనం, స్పందించే వేగం, ఏకాగ్రత మెరుగుపడ్డాయి. 200 మిల్లీగ్రాములు సరిపడే మోతాదుగా తేలింది. రైఫిల్ గురికి సంబంధించిన ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లు లక్ష్యాన్ని త్వరగా పట్టుకున్నారు. అయితే తూటా తగిలే చోటు మెరుగుపడలేదు, గ్రూపింగ్ బిగియలేదు. అలాగని చెడనూ లేదు.

ఉస్తాద్‌కు ఈ సంగతి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. "కన్ను లేస్తుంది సార్, చెయ్యి ఎందుకు నిలుస్తుంది?" అన్నారు. ఆ ఫలితాన్ని నేను ఇంత తక్కువ మాటల్లో చెప్పలేను.

కెనడాలో సైనికులపై చేసిన పరీక్షల్లోనూ ఇదే ధోరణి కనబడింది, కెఫీన్ తీసుకుంటే అలసిన మనిషి లక్ష్యం మీదికి త్వరగా వస్తాడు. ఆస్ట్రేలియాలో ఏడుగురు మేటి డబుల్ ట్రాప్ షూటర్లకు శరీర బరువును బట్టి కిలోకు 2, 4 మిల్లీగ్రాముల చొప్పున కెఫీన్ ఇచ్చి చూశారు. ఎగిరే మట్టి పలకలను కొట్టడంలో ఏ తేడా రాలేదు. వాళ్లు నిద్ర చాలినవాళ్లు, ఆటలో పండినవాళ్లు. నిద్ర చాలినవాడికి కెఫీన్ అదనంగా ఇచ్చేది పెద్దగా లేదనే నేను అనుకుంటున్నాను.

ఇక వణుకు. అలవాటు లేనివాళ్లకు, మోతాదు మించినవాళ్లకు చేతి వణుకు పెరగడం ఉన్నదే. ఇక్కడి పిల్లలు బోర్లా పడుకుని, మోచేతులు నేలకు ఆనించి, రైఫిల్‌ను ఇసుక మూట మీద పెట్టి కాలుస్తారు. వణుకులో చాలా భాగాన్ని నేలే మింగేస్తుంది. నిలబడి కాల్చేవాళ్లకు ఆ ఆసరా లేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది పిస్టల్‌తో. అందులో చాచిన ఒంటి చెయ్యి తప్ప మరే ఆధారమూ ఉండదు. ఒకే గ్లాసు కాఫీ ఇసుక మూట మీద ఏమీ చెయ్యకపోవచ్చు, చాచిన చేతి మీద లెక్కకు రావచ్చు.

చెయ్యి నిలపాలన్న ఆశ మనుషులను ఎంతదాకా తీసుకెళ్తుందో 2008 బీజింగ్‌లో లోకం చూసింది. ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు రజతం, కాంస్యం రెండూ పోగొట్టుకున్నాడు. అతని ఒంట్లో దొరికింది ప్రొప్రనొలాల్, గుండె వేగాన్ని, వణుకును తగ్గించే బీటా బ్లాకర్ మందు. షూటింగ్‌లో, విలువిద్యలో వాటిని పోటీ ఉన్నా లేకున్నా వాడకూడదు. కెఫీన్‌కు కూడా 1984 నుంచి ఒలింపిక్ నిషేధ జాబితాలో ఒక పరిమితి ఉండేది. 2004 నుంచి ఆ పరిమితిని తీసేశారు. ఇప్పుడు కెఫీన్ పరిశీలనలో మాత్రమే ఉంది.

మా కాఫీలో ఎంతుంటుంది? చెప్పడం కష్టం. ఇక్కడి పొడిలో చికోరీ కలుస్తుంది, చట్టం 49 శాతం దాకా ఒప్పుకుంటుంది. చికోరీలో కెఫీన్ ఉండదు. చిక్కగా, నల్లగా కనబడినంత మాత్రాన గట్టి కాఫీ అని కాదు. సీసా సంగతి అలా కాదు, లెక్క తెలిసినదే. మన దేశంలో కెఫీన్ పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. పిల్లలకు తగదని సీసా మీదే రాసి ఉండాలన్నది నిబంధన. ఆ సన్న అక్షరాలు చదివేదెవరు? బడి దగ్గరి బంకుల్లో చల్లని సీసాలు ఎదురుగా నిలబెట్టి అమ్ముతున్నారు. ఇది నాకు కోపం తెప్పించే విషయం. దాచుకోను.

రోజూ కాఫీ తాగే పిల్లలు ఫైరింగ్ రోజు మానెయ్యాలా అని ఒక అమ్మాయి అడిగింది. వద్దన్నారు ఉస్తాద్. అదీ సరైన మాటే. అలవాటైనవాళ్లు ఉన్నట్టుండి మానితే ఒక పూట నుంచి ఒక రోజు లోపల తలనొప్పి, చిరాకు మొదలవుతాయి. రోజూ తాగేవాళ్లు అదే వేళకు, అంతే తాగి రావాలి. తాగనివాళ్లు ఆ రోజే మొదలుపెట్టకూడదు. ఆయన దగ్గరున్న నియమం ఇంతే.

మధ్యాహ్నానికి టార్గెట్లు దింపారు. చెట్టు కింద పడుకున్న అబ్బాయి గ్రూపింగ్ ఓ మోస్తరుగా వచ్చింది, ఐదులో నాలుగు అరచేతిలో పట్టేంత చోట, ఒకటి దూరంగా. రెండు గంటల నిద్ర వల్లే అలా వచ్చిందని నేననను, ఐదు తూటాలతో అంతటి మాట అనలేం. ఎన్‌సీసీ చూసే మాస్టారు మాత్రం వచ్చే ఫైరింగ్‌కు ముందు తల్లిదండ్రులకు పంపాల్సిన కబురును అప్పటికప్పుడు రిజిస్టర్‌లో రాసుకున్నారు. అందులో బూట్లు, టోపీ, టిఫిను తర్వాత కొత్తగా ఒక వాక్యం చేర్చారు, ముందు రాత్రి పిల్లల్ని గుంటల మీదికి పంపవద్దని.