చెయ్యి తియ్యి

2013 నవంబరు. మావాడు అప్పుడు ఓ చిన్న కాలేజీ టీములో ఆడుతున్నాడు. బాస్కెట్లో బంతి వెయ్యడం అంతంతమాత్రమే. ఎదుటివాడి నడుం మీద ఓ చెయ్యి వేసి జిడ్డులా అంటుకుపోవడమే వాడి విద్య. ఆ ఏడాది ఎన్‌సీఏఏ వాళ్ళు సరిగ్గా దాన్నే తప్పన్నారు. బంతి ఉన్నవాడి మీద చెయ్యి ఆనించి ఉంచినా, రెండు చేతులూ వేసినా, ముంజేయి అడ్డుపెట్టినా ఫౌలే. ముందు సీజన్లో స్కోర్లు దశాబ్దాల్లో ఎన్నడూ లేనంతగా పడిపోయాయి మరి. (నాకైతే ఆ తోపులాటే ఇష్టం, అది వేరే సంగతి.)

మొదటి మ్యాచ్‌లో ఈల మీద ఈల. సగం ఆట కాకుండానే మావాడికి మూడు ఫౌళ్ళు. ఐదైతే బయటికే. తువ్వాలు కప్పుకుని బెంచీ మీద కూర్చున్నవాణ్ణి చూస్తూ రిఫరీని తెలుగులో తిట్టుకున్నాను.

నెలాఖరున థాంక్స్‌గివింగ్‌కి ఇంటికొచ్చి, రెండు చేతుల్లో రెండు టెన్నిస్ బంతులు పట్టుకుని డ్రైవ్‌వేలో నిలబడ్డాడు. "నన్ను దాటి వెళ్ళు నాన్నా." గుప్పిట్లో బంతులుంటే ఎదుటివాణ్ణి పట్టుకోవడం కుదరదు, కోచ్ చెప్పిన కిటుకట. బంతి కొట్టుకుంటూ కుడికెళ్ళాను, ఎడమకెళ్ళాను. వాడు నన్ను తాకనే లేదు. గరాజ్ తలుపు దాకా ఒక్కసారీ చేరలేకపోయాను.

లోపల్నుంచి వాళ్ళమ్మ అన్నం చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచింది.