మన ఇంటి వెనక ఇంకో ఇల్లు

సొంతిల్లు కొనాలంటే డబ్బు కూడబెట్టడమే కష్టమనుకుంటాం కదండీ! డబ్బు సర్దుకుని, ఇల్లు నచ్చి, బేరం కుదిరాక కూడా నెలల తరబడి ఎదురుచూడాల్సి వస్తుందని మాకు 2024లో తెలిసింది.

టేకులపల్లిలో ఇరవై ఏళ్లుగా ఉంటూ ఖమ్మంలో ఎందుకు కొన్నారని చాలామంది అడుగుతారు. మాది ఏజెన్సీ. 1/70 చట్టం ప్రకారం ఇక్కడ గిరిజనేతరులు స్థలం కొనకూడదు, అమ్మేవాళ్లు గిరిజనేతరులైనా సరే. తెల్లకాగితం మీద రాయించుకుంటే అది చెల్లదు, దాని మీద బ్యాంకు లోనూ రాదు. గిరిజన కుటుంబాల భూమి పరాయిపాలు కాకుండా పెట్టిన చట్టమది. వాళ్ల మధ్యే అద్దెకుంటూ పిల్లల్ని పెంచుకున్న మాకు దాని అవసరం తెలుసు. అందుకే ఇల్లందు మీదుగా ఖమ్మం బస్సెక్కి ఇళ్లు చూడటం మొదలుపెట్టాం. మా పెద్దమ్మాయి జూన్‌లో ఇంటర్‌లో చేరేనాటికి అక్కడికి మారాలని మా ఆశ.

జనవరిలో ఒక పాత ఇల్లు నచ్చింది. ముప్పై లక్షలు. యజమాని రిటైరైన పెద్దాయన. కొడుకు దగ్గరుండాలని హైదరాబాదులో ఫ్లాటు చూసుకున్నారు. మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకుని రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చాం. ఆ డబ్బుతో ఆయన ఇంటి మీదున్న చివరి బాకీ తీర్చేశారు. అప్పు తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు తిరిగివ్వాలని, ఆలస్యం బ్యాంకు వల్లే అయితే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. కాగితాలు టైముకే వచ్చాయి.

ఆగింది మాత్రం హైదరాబాదు ఫ్లాటు దగ్గర. అది చనిపోయిన ఒకాయన పేరున ఉంది. కొడుకు అమ్ముతున్నాడు, కూతురు అమెరికాలో ఉంది. ఆమె పవర్ ఆఫ్ అటార్నీ పంపలేదు. అది రాకపోతే ఫ్లాటు రిజిస్ట్రేషన్ లేదు. ఫ్లాటు దొరక్కపోతే పెద్దాయన ఖమ్మం ఇల్లు ఖాళీ చెయ్యరు. ఆయన కదలకపోతే మాకు ఇల్లు లేదు. ఎవరో తెలియని మనిషి సంతకం దగ్గర మూడు సంసారాలు ఆగిపోయాయి.

ఏప్రిల్ వచ్చింది. అడ్వాన్సు కోసం నేను అమ్మిన గాజుల ధర రోజురోజుకీ పెరుగుతోంది. లోన్ శాంక్షన్ లెటరు గడువు దగ్గరపడుతోంది. "ఆ అమ్మాయి ఒక్క సంతకం పెడితే ఏం పోయింది?" అని మా వారు, మా అత్తయ్య రోజూ అదే మాట. నాకు మాత్రం ఆమెను తిట్టబుద్ధి కాలేదు. తండ్రి స్వార్జితంలో కొడుకుతో పాటు కూతురికీ సమాన వాటా ఉందని 1956 నుంచే హిందూ వారసత్వ చట్టం చెబుతోంది. ఆమె వాటా గురించి అన్న ఒక్క మాటా ఎత్తకుండా కాగితం పంపమన్నాడట. మా అమ్మ కూడా అలాగే, "సంతకమేగా" అంటే పుట్టింటి కాగితం మీద పెట్టి వచ్చింది. అది దేని కాగితమో ఆవిడకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. మన తొందర కోసం ఇంకో ఆడపిల్ల తన వాటా వదులుకోవాలని ఎలా కోరుకుంటాం?

అందుకే ఆ సంతకం సంగతి వదిలేసి, మా ముడి మేమే విప్పుకునే దారి చూశాం. ఒక ఆదివారం ఖమ్మం వెళ్లి పిన్నిగారితో మాట్లాడాను.

"ఇల్లు రాసిచ్చేసి మేమెక్కడుంటామమ్మా?" అన్నారావిడ.

"ఇక్కడే ఉండండి పిన్నీ. రిజిస్ట్రేషన్ మాకు చేయండి, ఫ్లాటు వచ్చేదాకా మీరే అద్దెకుండండి."

పెద్దాయనకు పన్ను భయం. ఇల్లు అమ్మిన రెండేళ్లలోపు మరో ఇల్లు కొంటే లాభం మీద మినహాయింపు ఉంటుందని, రిటర్ను గడువులోపు కొనలేకపోతే ఆ సొమ్ము బ్యాంకులో ప్రత్యేక ఖాతాలో వేయాలని వాళ్ల ఆడిటరు చెప్పాక ఆయన కుదుటపడ్డారు. పిన్నిగారు కాసేపు ఆలోచించి, "ముందు గది మీ అమ్మాయికిస్తాం, కాలేజీకి ఇక్కణ్నుంచే వెళ్తుంది" అన్నారు.

గడువు పొడిగింపు అగ్రిమెంటు వెనక రాసి రెండు వైపులా సంతకాలు చేశాం. అమ్మినవాళ్లే అద్దెకుంటారని బ్యాంకుకు ముందే చెప్పాం. ఈసీ మళ్లీ తీయించాం. మే నెలలో రిజిస్ట్రేషన్ అయింది. స్టాంపు 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ 0.5, మొత్తం 7.5 శాతం. ముప్పై లక్షలకు 2,25,000 రూపాయలు. ఆ ఖర్చు ముందే లెక్కలో పెట్టుకోండి, లోన్‌లో రాదు. కాగితంలో మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

ఆగస్టులో ఆ అన్నాచెల్లెళ్లు వాటా రాసుకున్నారట. ఆమె అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి కాగితం పంపింది. అలా వచ్చిన పవర్ ఆఫ్ అటార్నీకి ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టాలి, ఆ గడువు దాటకుండా కట్టారు. సెప్టెంబరులో పెద్దాయన వాళ్లు హైదరాబాదు వెళ్లారు. అప్పటిదాకా మా అమ్మాయి పిన్నిగారు కట్టిచ్చిన టిఫిన్ డబ్బాతోనే కాలేజీకి వెళ్లింది.

మీలో ఎవరైనా ఇల్లు చూస్తుంటే, ధర అడిగిన రోజే ఇంకో మాట కూడా అడగండి: "మా డబ్బుతో మీరు ఎక్కడ కొంటున్నారు? అక్కడ సంతకం పెట్టాల్సినవాళ్లు ఎందరు?" ఆ జాబితాలో ఆడపిల్ల పేరుంటే, ఆమెను అడిగారా అని కూడా అడగండి.