లేని మనిషికి వేసిన విస్తరి

మా అక్కావాళ్లు కొత్త ఇంటికి మారేటప్పుడు బావగారు అటక మీంచి నల్లటి ఇనప్పెట్టెలాంటిదొకటి దింపించారు. పది కిలోలకు తక్కువుండదు. అమెరికాలో ఉద్యోగం చేసే రోజుల్లో, 2004లో, ఇష్టపడి కొనుక్కుని, తిరిగొచ్చేటప్పుడు ఓడలో వేయించి తెచ్చుకున్న హోమ్ థియేటర్ రిసీవర్ అది. ముందు మూడు బాక్సులు, వెనక రెండు, మూలన బేస్ కోసం సబ్‌వూఫర్. ఆ హాల్లో ఒకప్పుడు సినిమా పెడితే వీధిలోకి వినిపించేది.

"దీనికి హెచ్‌డీఎంఐ లేదోయ్. కొత్త టీవీ కింద సౌండ్ బార్ పెట్టేశాం. పాత సామాన్లవాడు తూకానికి తీసుకుంటాడు. నీకు కావాలంటే పట్టుకుపో" అన్నారు. ఆరింటిలో బాగున్నవి ముందరి రెండు బాక్సులే. వాటిని కూడా ఆటోలో పెట్టించారు.

ఇంటికొచ్చాక వెనక పలక చదివాను. 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన గోడలో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మర్నాడు కోఠి గుజరాతీ గల్లీలో యాంప్లిఫయర్లు బాగుచేసే అబ్బాయి దగ్గరికి తీసుకెళ్లాను. మూత విప్పి, బ్రష్షుతో దుమ్ము దులిపి, కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమోనని ఒక్కొక్కటీ వేలితో తడిమి చూశాడు. "మాల్ మంచిగుంది సార్. గని డైరెక్ట్ ప్లగ్గుల పెట్టిన్రనుకో, ఖతమే. స్టెప్‌డౌన్ తీస్కోండ్రి, జర పెద్దది" అన్నాడు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 60 హెర్ట్జ్ లెక్కతో చుట్టింది కనక 50 దగ్గర కాస్త ఎక్కువ వేడెక్కుతుందని, పైన జానెడు ఖాళీ వదిలి పెట్టుకోమని కూడా చెప్పాడు.

వోల్టేజీ తగ్గించే ఆ స్టెప్‌డౌన్ కొనుక్కొచ్చి, ఆ రాత్రి రిసీవర్‌ను దాని మీదే పెట్టి, పాత డీవీడీ ప్లేయర్‌కు ఎరుపు, తెలుపు పిన్నుల వైరు తగిలించాను. స్విచ్చి వేయగానే లోపల రిలే 'టక్' మంది. అమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమె కోసం మాయాబజార్‌లో ఘంటసాల, లీల పాడిన పడవ పాట పెట్టాను. ఏమీ వినపడలేదు. వాల్యూమ్ పెంచితే ఎక్కడో బావి అడుగునుంచి వచ్చినట్టు ఓ గుసగుస. బాక్సులు పోయాయనుకున్నాను. గీతాంజలి డిస్కు వేసి చూశాను. వాద్యాలు హాయిగా మోగాయి, బాలు గొంతు మాత్రం లేదు. పాటలోంచి పాడేవాణ్ని ఎవరో ఎత్తుకెళ్లినట్టుంది.

రిసీవర్ ముఖం మీద నీలం అక్షరాల్లో 'ప్రో లాజిక్ 2' అని కనబడింది. సంగతి అక్కడుంది. రెండు చానళ్ల పాటలోంచి ఐదు చానళ్లు పుట్టించే డాల్బీ పద్ధతి అది. ఎడమలోనూ కుడిలోనూ సమానంగా ఉన్న శబ్దాన్ని ఏరి నడుమ బాక్సుకు పంపుతుంది. సినిమాలో మాటలు తెర మీంచే రావాలని అలా చేశారు. పాటల్లో గాయకుడి గొంతును సాధారణంగా రెండు వైపులా సమానంగానే కలుపుతారు. అందుకే బాలు మాయమయ్యాడు. 1957 నాటి మాయాబజార్‌ది మోనో రికార్డింగు. అందులో గొంతులే కాదు, వాద్యాలు, అన్నీ రెండు వైపులా ఒకటే. కనక పాట పాటంతా నడుమ బాక్సుకే పోయింది. ఆ బాక్సు మా ఇంట్లో లేదు. ఉందనే రిసీవర్ నమ్మకం, ఎందుకంటే ఇరవై ఏళ్ల కిందట బావగారు మెనూలో అలా రాసిపెట్టారు. లేని మనిషికి విస్తరి వేసి, వండినదంతా అందులోనే వడ్డిస్తోంది పాపం.

మర్నాడు బావగారింటికి వెళ్లి రిమోట్ వెతికించాను. ఆ రిసీవర్ మెనూలోకి పోవాలంటే రిమోట్ ఉండాల్సిందే. పాత బ్యాటరీలు, తాళంచెవుల మధ్య దొరికింది. మెనూ అడిగిన నాలుగు ప్రశ్నలకు ఉన్నదున్నట్టు జవాబు చెప్పాను. నడుమ బాక్సు: లేదు. వెనక బాక్సులు: లేవు. సబ్‌వూఫర్: లేదు. ముందు బాక్సులు: పెద్దవి. ఇక్కడ పెద్దవంటే కొలతల్లో పెద్దవని కాదు, లోతైన బేస్ కూడా వీటికే పంపమని. చివరికి రిమోట్ మీద 'స్టీరియో' నొక్కాను.

ఈసారి పడవ పాట మొదలవగానే అమ్మ లేచి టీవీ బల్ల దగ్గరికి నడిచింది. వంగి బల్ల కింద చూసింది, వెనక చూసింది. "మూడో బాక్సు ఎక్కడ పెట్టావురా? ఘంటసాల ఇక్కణ్నుంచి పాడుతున్నాడు" అంది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. రెండు బాక్సులూ ఒకే శబ్దాన్ని ఒకే క్షణాన, ఒకే జోరుతో పలికితే నడుమన కూర్చున్న మనిషికి అది సరిగ్గా మధ్యలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. రెండు చెవులు కలిసి లేని చోట గాయకుణ్ని నిలబెడతాయి.

ఈ కిటుకును పట్టుకున్నవారిలో ముఖ్యుడు ఆలన్ బ్లమ్లైన్ అనే బ్రిటిష్ ఇంజనీరు. తెర మీద నటుడు ఒక పక్క ఉంటే మాట మరో పక్క నుంచి రావడం ఆయనకు నచ్చలేదని, మనిషి వెంటే శబ్దం నడిచే దారి తనకు తెలుసని సినిమా హాల్లో భార్యతో అన్నాడని చెబుతారు. 1931 డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1942లో రాడార్ పరీక్షల్లో విమానం కూలి చనిపోయేనాటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. స్టీరియో ఎల్పీలు బజారులోకి వచ్చింది ఆ తర్వాత పదహారేళ్లకు, 1958 ప్రాంతంలో. మన ఇళ్లలో ఇప్పటికీ పాట వింటున్నది ఆయన వేసిన ఆ రెండు దారుల్లోనే.

పాత రిసీవర్‌కు ఇంకా ఆయుష్షు ఉందని నేననేది అందుకే. సినిమా శబ్దం ఎక్కడా ఆగలేదు. 5.1 అయింది, 7.1 అయింది, 2012లో అట్మాస్ వచ్చి కప్పు మీదా బాక్సులు పెట్టమంది. ప్రతి మెట్టుకూ పాత పెట్టె ఒక అడుగు వెనకపడింది. పాట అలా పరిగెత్తలేదు. 1982లో సీడీ వచ్చినప్పుడు రెండు చానళ్లు, సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్లు. నేడు ఫోనులో వినే పాటల్లోనూ అత్యధికం రెండు చానళ్లవే. ఈ పెట్టె వెనకున్న ఆప్టికల్ రంధ్రం ఆ రెండింటినీ ఏ లోటూ లేకుండా మోస్తుంది. టీవీ శబ్దం కావాలన్నా టీవీ మెనూలో పీసీఎం అని పెట్టి ఆప్టికల్ వైరు కలిపితే చాలు. బొమ్మ నేరుగా టీవీకి పోతుంది, రిసీవర్‌కు ఆ బాధ్యతే ఉండదు.

బలం సంగతికొస్తే, ఈ పెట్టె బరువులో పెద్ద భాగం ట్రాన్స్‌ఫార్మర్‌దే. చానళ్లన్నిటికీ కరెంటు ఇచ్చేది అదొక్కటే. రెండింటినే నడిపిస్తే, ఐదుగురికి వండిన అన్నం ఇద్దరికి వడ్డించినట్టే. మామూలు బాక్సులు ఒక్క వాటుకే, మీటరు దూరంలో 85 నుంచి 90 డెసిబెల్స్ శబ్దం చేస్తాయి. పడగ్గది అంత గదిలో పాట వినడానికి అది ఎక్కువే. వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. కనక వాట్ల అంకెల కోసం ఆరాటపడక్కర్లేదు. బాక్సు వెనక రాసిన ఓములు రిసీవర్ పలక మీది ఓములకు సరిపోతున్నాయా లేదా అన్నది మాత్రం తప్పక చూసుకోవాలి.

హాల్, స్టేడియం అని రిమోట్ మీద ఉన్న బొత్తాలు నేనిప్పుడు ముట్టుకోను. రికార్డింగు చేసినాయన ఎంత గాలి, ఎంత ప్రతిధ్వని కావాలో ముందే తూచి పెట్టాడు. దాని మీద మనం ఇంకో హాలు కట్టనక్కర్లేదు. చాలా రిసీవర్లలో 'డైరెక్ట్' అని ఒకటుంటుంది. టోన్ కంట్రోళ్లను, లోపలి లెక్కలను పక్కన పెట్టి శబ్దాన్ని దగ్గర దారిలో పంపేది అదే. రాత్రిళ్లు నేను దాంట్లోనే వింటాను.

బాక్సుల మధ్య ఎంత దూరమో, ఒక్కో బాక్సు నుంచి నా కుర్చీకి అంతే దూరం ఉంచాను. చిన్న స్పీకరు, అంటే ట్రెబుల్ పలికేది, చెవి ఎత్తున ఉండేలా కింద పీటలు వేశాను. గోడకు ఆనించినప్పుడు బొంయ్‌మన్న బేస్ రెండడుగులు ముందుకు జరిపితే సర్దుకుంది. ఒకసారి ఇల్లు ఊడ్చాక ఒక బాక్సుకు ఎరుపు, నలుపు వైర్లు తారుమారుగా పెట్టాను. బేస్ పలచబడింది, గొంతు మధ్యలో నిలవక గదంతా పొగలా పాకింది. ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కు లాగుతోంది. వైరు మార్చగానే ఘంటసాల మళ్లీ తన చోటికి వచ్చాడు.

రిసీవర్ అన్న పేరు రేడియో ఉండబట్టే వచ్చింది. హైదరాబాద్‌లో ఆకాశవాణి రెయిన్‌బో 101.9 చక్కగా పట్టుకుంటుంది. వివిధభారతి 102.8 దగ్గర మాత్రం సరిగ్గా ఆగదు. అమెరికా ఎఫ్ఎం స్టేషన్లన్నీ దశాంశం తర్వాత బేసి అంకెతోనే ఉంటాయి కనక, అక్కడి ట్యూనర్లలో చాలావరకు 102.7 నుంచి 102.9కి గెంతుతాయి. కొన్ని మోడళ్లలో ఆ అడుగు మార్చుకునే వీలుంది, మాదాంట్లో లేదు. వివిధభారతికి అమ్మ ట్రాన్సిస్టరు అమ్మకుంది.

కొత్తగా కొనేవారికి నేను ఇదే కొనమని చెప్పను. స్టీరియో కోసమే చేసిన మంచి యాంప్లిఫయర్‌లో భాగాలు తక్కువ, పాడయ్యే చోట్లూ తక్కువ. కానీ ఇంట్లో ఉన్నదాన్ని పారేసి ఇంకోటి కొనడం వేరు. ఆ పెట్టెలోని యాంప్లిఫయర్ మునుపటిలాగే ఉంది. మారింది మన టీవీల వెనక వైర్లే. మనం చేయాల్సిందల్లా ఇంట్లో ఏముందో, ఏం లేదో దానికి నిజం చెప్పి, ఉన్న రెండింటితో పాడమనడం.

మీ అటక మీదా ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది. పాత సామాన్లవాణ్ని పిలిచే ముందు ఒక్క సాయంత్రం దానికివ్వండి. అయితే అన్నిటికంటే ముందు దాని రిమోట్ వెతకండి.